మా ఇంటి ప్రతిపక్షం

సూరత్ రింగ్ రోడ్డు మీద చీరల మార్కెట్లో గుమాస్తాగిరీ చేసేవాడి కూతురు కామర్స్ చదివితే ఓ దారీ తెన్నూ ఉంటుంది. మా అమ్మాయి ఆర్ట్స్ తీసుకుంది, అందులోనూ రాజనీతిశాస్త్రం. తోటి ఇంటిపెద్దలు ముందే జాగ్రత్తపడతారని ఈ ఫిర్యాదు రాస్తున్నాను.

పదకొండో తరగతిలో రాజ్యాంగం చెబుతారు. చెప్పనీ, ఎవరొద్దన్నారు? కానీ పొద్దంతా పార్సెళ్లు కట్టించి ఇల్లు చేరితే కంచం ముందే ప్రశ్నోత్తరాల సమయం మొదలవుతోంది. సమాఖ్య వ్యవస్థ పాఠమైన రోజు నాకే జీఎస్టీ నేర్పింది! 2017 జులైలో ఆ పన్ను మీద మార్కెట్లు రోజుల తరబడి షట్టర్లు దించితే జీతం కోసం బిక్కుబిక్కుమన్నవాణ్ని నేను. అయినా విన్నాను. జీఎస్టీ మండలిలో కేంద్రం ఓటు మూడింట ఒక వంతు, రాష్ట్రాలన్నిటివీ కలిపి రెండు వంతులు. ఏది నెగ్గాలన్నా నాలుగింట మూడు వంతులు కావాలి. అంటే కేంద్రం వద్దన్నది జరగదు. ‘‘మనింట్ల కేంద్రం అమ్మ, బాపూ’’ అంది. ఈ ఏర్పాటు 2016లో 101వ సవరణతో వచ్చిందనుకుంటోంది పిచ్చిది. మా సిరిసిల్ల ఇళ్లల్లో మగ్గాల కాలం నుంచే ఉంది.

పన్నెండు పరీక్షలయ్యాయి, పద్దెనిమిది నిండాయి, ఓటరు కార్డొచ్చింది. 2024 మే 7న పోలింగ్. ఆ రోజు కట్టుకోవడానికి చీర కూడా తెచ్చిపెట్టాను, హోల్‌సేల్ ధరకే అనుకోండి. ఏప్రిల్ 21న కాంగ్రెస్ అభ్యర్థి నీలేశ్ కుంభాణీ నామినేషన్ కొట్టేశారు. ప్రతిపాదించినవాళ్లే ఆ సంతకాలు మావి కావన్నారు. మర్నాటికల్లా మిగతావాళ్లూ తప్పుకున్నారు. ఒక్క ఓటూ పడకుండా బీజేపీ ముకేశ్ దలాల్ ఎంపీ అయిపోయారు.

చీర మడత విప్పలేదు. నోటా ఉంది కదా, దానితోనైనా పోటీ పెట్టాలి కదా అని రాత్రంతా రభస. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 53వ సెక్షన్ తీసి, బరిలో ఒక్కరే మిగిలితే గెలిచినట్టు ప్రకటించాల్సిందేనని తనే చదివి, తనే అలిగింది. స్థానిక ఎన్నికల్లో ఓటు వేసి తీరాలని చట్టం చేసిన రాష్ట్రమట ఇది. 2015లో హైకోర్టు దాన్ని ఆపిందట. ఇదంతా నేను చేసినట్టు నా వంకే చూపులు.

‘‘ఊకో బిడ్డా, నేను గూడ ఈ ఇంటికి ఏకగ్రీవంగనే పెద్దనైన కదా’’ అని ఓదార్చబోయాను.

వంటింట్లోకి వెళ్లి కనుక్కొచ్చింది. ‘‘నీ నామినేషన్ మీద ఉన్న సంతకం తనది కాదంటుంది బాపూ, అమ్మ.’’