పదకొండు రెట్ల దొంగతనం

నేను చింతపల్లిలో లెక్కలు, సైన్సు చెప్పి రిటైరైన మాస్టారిని. కింద రాయబోయేదాంట్లో గుణకారం, భాగహారం తప్ప మరేమీ లేదు. ఆ రెండూ నాకు బాగా వచ్చు. ఊరంతటికీ కరెంటు బిల్లు చదివిపెట్టేది నేనే. ఆ ధీమాతోనే 2024 చలికాలంలో ఇంగ్లండు వెళ్ళి, లెస్టర్‌లో ఉంటున్న మా అమ్మాయి ఇంటి గ్యాసు బిల్లు మీద చెయ్యి వేశాను.

అమ్మాయి అక్కడ ఆసుపత్రిలో నర్సు, అల్లుడు గోదాములో సూపర్‌వైజరు. ఇద్దరూ షిఫ్టులకు పోతే ఇంట్లో మిగిలేది నేను, మా ఆవిడ, గోడల వెంట ఇనుప రేడియేటర్లు. లంబసింగి పక్కన బతికినవాడికి చలి ఒక లెక్కా అన్నాను గానీ, లంబసింగి చలి పొద్దెక్కితే దిగిపోతుంది. అక్కడ నవంబరులో సాయంత్రం నాలుగింటికే దీపాలు పెట్టాలి. వంటింటి మూలనున్న బాయిలర్ గ్యాసుతో నీళ్ళు కాచి రేడియేటర్లకు పంపుతూ ఉంటుంది. పొదుపు చేద్దామని పిల్లలు లేని పూట దాన్ని ఆపేసి, మంకీ క్యాప్ పెట్టుకుని కూర్చునేవాణ్ణి. రాత్రి వాళ్ళొచ్చేసరికి ఇల్లు చల్లని గుహలా ఉండేది. "నాన్నా, ఇది లంబసింగి కాదు, గోడలు తేమెక్కిపోతాయి" అని అమ్మాయి మొత్తుకునేది. నా వెర్రితనంలో అది చిన్న భాగం.

పైపులో గ్యాసు మన దగ్గర కాకినాడ, రాజమండ్రి, విజయవాడ లాంటి ఊళ్ళలో కొన్ని ఇళ్ళకు వస్తోంది. చింతపల్లి ఘాట్ ఎక్కేది సిలిండరే. అందుకని గ్యాసుకో మీటరుండటం నాకు కొత్త. మెట్ల కింద అరలో ఉండేది అది: నల్ల అంకెలు ఐదు, వాటి పక్కన ఎర్ర అంకెలు. ఎర్రవి దశాంశాలు, వదిలెయ్యాలని అల్లుడు చెప్పాడు, వదిలేశాను. నవంబరు మొదట్లో 4372 చూపించింది, నెలాఖరుకు 4492. తేడా 120. నోటుబుక్కులో రాసి కింద గీత గీశాను.

బిల్లు వచ్చింది. నా 120కి బదులు దాంట్లో 1,336 ఉంది. మొత్తం 92 పౌన్ల 87 పెన్నీలు.

120 ఎక్కడ, 1,336 ఎక్కడ? భాగిస్తే పదకొండు పైచిలుకు. మనకు మీటరులో ఎంత తిరిగితే బిల్లులో అంతే పడుతుంది కదా. వీళ్ళు పదకొండు రెట్లు గుంజుతున్నారు, పిల్లలు చూసుకోకుండా కట్టేస్తున్నారు అనుకున్నాను. రాత్రికి రాత్రే చింతపల్లి మిత్రుల వాట్సాప్ గుంపులో పెట్టాను: దొరలు దేశం వదిలారు గానీ దోపిడీ వదల్లేదని. 1922 ఆగస్టు 22న మా ఊరి పోలీస్ స్టేషన్ మీద పడి పదకొండు తుపాకులు పట్టుకుపోయిన అల్లూరి సీతారామరాజును కూడా లాక్కొచ్చాను. పదకొండుకు పదకొండు సరిపోయిందని మురిసిపోయాను కూడా. రామరాజు ఏమేం తీసుకెళ్ళాడో స్టేషన్ పుస్తకంలోనే రాసి సంతకం పెట్టి వెళ్ళాడని మా ఊళ్ళో పసిపిల్లాడికీ తెలుసు. ఆయన లెక్కలో తప్పు లేదు. నాది తప్పుల లెక్క అని అప్పటికి నాకు తెలీదు.

మర్నాడు కంపెనీకి ఉత్తరం రాశాను. అల్లుడు "మామయ్యగారూ, ఒక్కసారి నన్ను చూడనివ్వండి" అంటే, చూడాల్సినవాడు చూశాడు బాబూ అన్నాను. ఉత్తరంలో పట్టిక కూడా గీశాను. ఆ పట్టిక తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

జవాబు ఎంతో మర్యాదగా వచ్చింది. దాంతోపాటు మా బిల్లు రెండో పేజీ నకలు, కొన్ని వరుసల మీద పసుపు రంగు పూసి. అసలు రెండో పేజీ మా ఇంట్లో పోపుల డబ్బా కింద ఉంది. అడుగున నూనె మరక పడకుండా పరచమన్నది నేనే.

అందులో ఉన్నదిది. మీటరు కొలిచేది గ్యాసు ఎంత చోటు ఆక్రమించిందన్నది, అంటే ఘనపు మీటర్లు. డబ్బు కట్టించుకునేది ఆ గ్యాసులో ఉన్న వేడికి. చలికి గ్యాసు ముడుచుకుంటుంది, వేడికి సాగుతుంది, ఒత్తిడి తగ్గితే ఉబ్బుతుంది. కాబట్టి ముందు 120ని 1.02264తో హెచ్చవేసి 15 డిగ్రీల దగ్గర, సముద్రమట్టపు ఒత్తిడిలో అది ఎంత అవుతుందో చూస్తారు. 122.7 వచ్చింది. ఒక్కో ఘనపు మీటరు కాలిస్తే ఎన్ని మెగాజౌళ్ళు వస్తాయో దాంతో మళ్ళీ హెచ్చవేస్తారు. అది గ్యాసు ఎక్కణ్ణించి వచ్చిందన్నదాన్ని బట్టి 37.5కూ 43కూ మధ్య మారుతుంటుంది. మా బిల్లులో 39.2. మొత్తం 4,810 మెగాజౌళ్ళు. దాన్ని 3.6తో భాగిస్తే 1,336 కిలోవాట్ అవర్లు, అంటే మన కరెంటు యూనిట్లు. నవంబరు కలిసిన ఆ మూడు నెలలకు అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ పెట్టిన గరిష్ఠ ధర యూనిట్‌కు సగటున 6.24 పెన్నీలు. ఆ ధరకు 83 పౌన్ల 37 పెన్నీలు. గ్యాసు వాడినా వాడకపోయినా రోజుకు 31.66 పెన్నీల చొప్పున ముప్పై రోజులకు తొమ్మిదిన్నర పౌన్లు. 5 శాతం పన్ను ఈ ధరల్లోనే కలిసి ఉంది. 92 పౌన్ల 87 పెన్నీలు, పెన్నీ తేడా లేదు.

కిలోవాట్ అవర్ అంటే 36 లక్షల జౌళ్ళని నల్లబల్ల మీద ఎన్ని తరాల పిల్లలకు రాయించానో! మా అమ్మాయికి కూడా. ఆ పిల్ల ఆ పూట నన్ను ఏమీ అనలేదు. "టీ పెట్టనా నాన్నా" అంది. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది.

అసలు మా అమ్మ ఈ పొరపాటు చేసేది కాదు. సంతలో కట్టెల మోపు బేరం చేసేటప్పుడు మోపు లావు చూసి ఏనాడూ డబ్బులివ్వలేదావిడ. ఎత్తి చూసేది, ఒక కట్టె లాగి గోరుతో గీరేది, రెండు కట్టెలు టకటక కొట్టి చప్పుడు వినేది. బూరుగు మోపు ఎంత పెద్దదైనా నల్లమద్ది మోపులో సగం అన్నం ఉడికించదు, పచ్చికట్టెకు పొగే ఎక్కువ. ఘనపరిమాణానికీ వేడికీ తేడా బడి ముఖం చూడని మనిషికి తెలిసింది.

తప్పు తెలిశాక మనిషి ఊరుకోవాలి. నేను ఊరుకోలేదు. ఆ 1.02264 మీద పడ్డాను. ఇళ్ళకు ఈ అంకె 1996 నాటి నిబంధనలతో అందరికీ ఒకటే. ఎత్తులో ఉన్న ఊరికీ పల్లంలో ఉన్న ఊరికీ వేరు వేరుగా లెక్కించరు. అదే మీటరును తెచ్చి ఎనిమిది, తొమ్మిది వందల మీటర్ల ఎత్తున్న మా చింతపల్లిలో పెడితే? ఇక్కడ గాలి ఒత్తిడి దాదాపు పదో వంతు తక్కువ. మీటరు అంతే తిరుగుతుంది, లోపల గ్యాసు పదో వంతు తగ్గుతుంది. అప్పుడు నా ఫిర్యాదులో కొంత న్యాయం ఉండేది; పదకొండు రెట్లు కాదు, పదో వంతు. ఈ మాట అల్లుడితో అంటే, "అయితే ఇంకో ఉత్తరం రాస్తారా మామయ్యగారూ" అన్నాడు.

సిలిండరుకు ఈ బాధ లేదు. 14.2 కిలోలంటే విశాఖలోనూ చింతపల్లిలోనూ 14.2 కిలోలే. ఖాళీ బండ బరువు దాని మెడ దగ్గర రాసే ఉంటుంది, అనుమానముంటే తూకం వేయించుకోవచ్చు. ఒక్కో సిలిండరులో దాదాపు 190 యూనిట్ల వేడి ఉంటుంది. ఆ లెక్కన మా అమ్మాయి ఇల్లు ఒక్క నవంబరులో ఏడు సిలిండర్లు కాల్చింది. సరిగ్గా ఆ నవంబరులోనే ఇక్కడ దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు మొదలయ్యాయి. మా ఆవిడ ఆ మూడూ, ఈ ఏడూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

తిరిగొచ్చాక ఇంకో సంగతి బయటపడింది. చదివినంత మాత్రాన బిల్లు చదివినట్టు కాదని బుద్ధొచ్చి, మన కరెంటు బిల్లును మొదటినుంచి చూసుకున్నాను. గిరిజనుల ఇళ్ళకు నెలకు 200 యూనిట్లు ఉచితం కాబట్టి వాళ్ళకు నా సలహాల బాధ తప్పింది. మైదానం నుంచి వచ్చి స్థిరపడ్డ మాలాంటి వాళ్ళకే తగిలింది. "75 యూనిట్లు దాటనివ్వకండి, దాటితే మొత్తం మీద రేటు మారిపోతుంది" అని చెప్పేవాణ్ణి. ఏ, బీ, సీ వర్గాలున్న రోజుల్లో అది నిజమే. 75 దాటితే వర్గమే మారేది. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ వర్గాలు తీసేశారు. మొదటి 30 యూనిట్లకు రూపాయి తొంభై పైసలు, 75 దాకా మూడు రూపాయలు, ఆపై 125 దాకా నాలుగున్నర. ఎంత వాడినా కింది యూనిట్లకు కింది రేటే. 75 వాడితే యూనిట్ల ఖర్చు 192 రూపాయలు, 76 వాడితే 196 రూపాయల యాభై పైసలు.

మా పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడ ఉంది, నర్సీపట్నం నుంచి వచ్చింది. నా మాట వేదం ఆవిడకు. మీటరు తీసే రోజు దగ్గరపడితే రాత్రిళ్ళు టీవీ కట్టేసి కూర్చునేది. వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను, అమ్మా, మూడేళ్ళ కిందటే మారిందట, నేను చూసుకోలేదు అని. ఆవిడ మిషను ఆపి, సూదిలో దారం సరిచేసుకుని, "యూనిట్‌కు నాలుగున్నర కోసం మానేశానేటి మాస్టారూ సీరియల్! ఆ కోడలు ఇంట్లోంచి ఎందుకెళ్ళిపోయిందో నాకు ఇప్పటికీ తెలీదు" అంది.