గాలికి లెక్కలు నేర్పండి

పంట నష్టం 33 శాతానికి తగ్గితే అది నష్టం కిందికి రాదని పెద్దలు మరోసారి సెలవిచ్చారు. నిబంధన కొత్తదేం కాదు. 2015 దాకా ఆ గీత 50 దగ్గర ఉండేది, దయతలచి 33కి దించారు. అంతకన్నా దిగమంటే ఎలా? తప్పంతా లెక్కలు రాకుండా పొలాల మీద పడుతున్న తుపానుది. దానికి వెంటనే శిక్షణ ఇప్పించాలని నా మనవి.

వాయుగుండంగా ఉన్నప్పుడే పట్టుకొచ్చి క్లాసులో కూర్చోబెట్టాలి. గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటే దానికి పేరు పెట్టేస్తారు. పేరొచ్చి, టీవీల్లో మొహం కనపడ్డాక మనుషులే మాట వినరు, అది వింటుందా? 13 దేశాలు కూర్చుని పేర్ల జాబితా రాసుకోగలిగినప్పుడు ఒక సిలబస్ రాసుకోలేవా?

మొదటి పాఠం శాతాలు. నూరు దుబ్బుల్లో 32 పడగొట్టి ఆగిపోయే గాలి ఉంది చూశారూ, అంత దుర్మార్గపు గాలి ఇంకోటి ఉండదు. పడగొడితే నిండుగా 33 పడగొట్టాలి. లేదంటే నాలుగు కొబ్బరాకులు ఊపి, ఒకటి రెండు ఫ్లెక్సీలు చింపి మర్యాదగా వెళ్లిపోవాలి. ఇప్పుడేమవుతోంది? రైతు తలగుడ్డ తీసి చేతబట్టుకుని, బంగాళాఖాతం వైపు తిరిగి, “ఇంకొక్క శాతం తల్లీ, నీ కడుపు చల్లగా, ఇంకొక్క శాతం కొట్టి పోవమ్మా ఆయ్!” అని దణ్ణాలు పెట్టుకోవాల్సి వస్తోంది. పక్కనే వ్యవసాయ సహాయకుడు ట్యాబు పట్టుకుని, గొడుగు కింద, ఆ ఒక్క శాతం కోసమే కాచుకుని ఉంటాడు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు.

పరిహారం రెండు హెక్టార్ల దాకానే గనక, అయిదెకరాలు చుట్టబెట్టగానే గాలి గట్టెక్కి చుట్ట ముట్టించుకోవాలి. ఆరో ఎకరంలో చెయ్యి పెడితే క్రమశిక్షణ చర్య. ఈ-క్రాప్‌ పంట నమోదులో ఎక్కని చేను మీదుగా పోయేటప్పుడు ఊపిరి బిగబట్టి పోవాలి. అక్కడ పైరున్నట్టు ప్రభుత్వానికే తెలియనప్పుడు దాన్ని పడుకోబెట్టడానికి గాలి ఎవరు?

హాజరు పట్టీ సంగతి చెప్పనే అక్కర్లేదు. 2010లో లైలా మే 20న, రోళ్లు పగిలే ఎండల ముంగిట, బాపట్ల దగ్గర దిగింది. అదే బాపట్ల దగ్గరికి 2023లో మిచాంగ్ డిసెంబరు 5న వచ్చింది, సరిగ్గా కోతల మీద. మొన్న 2025లో మొంథా అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది, అప్పటికి వరి ఈనిక మీదుంది. ఏ కాలం అడిగితే ఆ కాలానికి తయారయ్యే ఈ విద్యార్థికి సెలవులు ఎప్పుడివ్వాలో, పరీక్ష ఎప్పుడు పెట్టాలో పంతులుకే అర్థం కాదు.

అన్నిటికన్నా కష్టమైన పాఠం తేమ. వడ్లు తడపొచ్చు గానీ 17 శాతం దాటనివ్వకూడదు. దాటితే కొనుగోలు కేంద్రంలో కొర్రీ. గుప్పెడు గింజలు యంత్రంలో పోసి మీట నొక్కుతారు. 22 అని వెలుగుతుంది. రోడ్డు మీద ఆరబోసిన రాశి దగ్గరికి వెళ్లి బరకం ఎత్తండి, పులిసిన వాసనతో వేడి ఆవిరి మొహాన కొడుతుంది. అడుగు నుంచి పిడికెడు తీస్తే ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దగా వస్తాయి, ప్రతి గింజ ముక్కునా తెల్లటి మొలక. ఈ మొలకల్ని ఏ శాతంలో వేస్తారు?

ఆ గింజలు ఎవరివో అడగండి. గోదావరి జిల్లాల్లో చేలోకి దిగే మనిషి చాలా చోట్ల కౌలు రైతు. 2019లో చేసిన చట్టం ప్రకారం అతనికి సాగుదారు హక్కు పత్రం రావాలంటే భూమి గలాయన సంతకం పెట్టాలి. పెడితే భూమి ఎక్కడ పోతుందోనని ఆయన పెట్టడు. గట్టిగా అడిగితే వచ్చే ఏడు చేను ఇంకొకరికి పోతుంది. విత్తనం ఇతను కొన్నాడు, ఎరువు ఇతను మోశాడు, నూటికి ఇంతని వడ్డీకి తెచ్చిందీ ఇతనే. చేను పడిపోయినా మక్తా బస్తాల్లో ఒక్కటీ తగ్గదు. జాబితా తయారయ్యేసరికి అందులో ఇతని పేరే ఉండదు. 33 దాటినా ఉండదు, నూటికి నూరూ పోయినా ఉండదు.

అతన్ని వెతకాలంటే చేలోకి దిగాలి. దిగితే ప్యాంటుకు బురదవుతుంది. అందుకని రోడ్డు మీద కారాపి, అద్దం దించి, నష్టం స్వల్పమంటున్నారు. ఖజానాలో డబ్బుల్లేవని చెప్పండి, తిట్టుకుని ఊరుకుంటారు. మొలకెత్తిన వడ్లు దోసిట్లో పట్టుకుని నిలబడ్డవాడి మొహం మీద నీకేమీ పోలేదని చెప్పడానికి నోరెలా వస్తోందయ్యా మీకు?