మూడో కూత

పిన్నిగారి పప్పు ఉడకకపోవడానికి కారణం నేనే. ఒప్పుకుంటున్నాను.

విజయవాడ సత్యనారాయణపురంలో పై వాటాలో నేనుంటాను, కింద వాటాలో ఇంటి యజమాని పిన్నిగారు. పొద్దున ఏడింటికి ఆవిడ కుక్కర్ పెడుతుంది, నేను గొంతు పెడతాను. సైరన్ అని ఒక సాధన ఉంది. అడుగు స్వరంలో మొదలెట్టి, అందినంత పైకి జారి, మళ్ళీ కిందికి దిగాలి. ఆవేళ మూడుసార్లు జారాను. కింద ఆవిడ మూడు విజిళ్ళు లెక్కపెట్టి పొయ్యి కట్టేసింది. "పప్పు గులకరాళ్ళలా ఉందేమే అమ్మాయ్! కూసింది నువ్వా?" అంటూ గరిటెతోనే మెట్లెక్కి వచ్చింది.

నేను ట్రాన్స్ మహిళను. ఈస్ట్రోజెన్ మాత్రలకి చర్మం మెత్తబడింది గానీ గొంతు మెత్తబడలేదు. పద్నాలుగో ఏట టెస్టోస్టెరాన్ వచ్చి స్వరతంత్రుల్ని మందంగా, పొడుగ్గా చేసి పోయింది, వీణకి మంద్రం తీగ బిగించినట్టు. ఆ బిగింపును మాత్రలు విప్పలేవు. ఆపరేషన్ ఉందిట, నాకంత ధైర్యం లేదు. ఇక మిగిలింది సాధనే.

ఎదురుగా ఉంటే "అమ్మా" అనే కూరగాయలబ్బాయి ఫోన్లో "చెప్పండి సార్" అంటాడు. పార్శిల్ తెచ్చినతను ఫోన్లో ఇంకో మెట్టెక్కాడు: "మేడం పేరు మీద వచ్చింది, మీరు వాళ్ళాయనా?" పెళ్ళి కాకుండానే నాకు నేనే మొగుణ్ణయ్యాను.

మగవాళ్ళ మాట మామూలుగా సెకనుకు 100 నుంచి 130 కంపనాల మధ్య, ఆడవాళ్ళ మాట 180 నుంచి 220 మధ్య తిరుగుతుంటుంది. శ్రుతిపెట్టె లెక్కలో మగగొంతుల ఒకటి శ్రుతి 131, ఆడగొంతుల ఐదున్నర 208. అంటే నేను ఒకటి నుంచి ఐదున్నరకి ఇల్లు మారాలి, సామానుతో సహా. అదీ బాలమురళీకృష్ణ గారు తిరిగిన పేటలో! ఇక్కడ అపశ్రుతి పలికితే పాలబ్బాయి కూడా సైకిలాపి చూస్తాడు.

స్పీచ్ థెరపిస్టు మొదట పెదాలతో 'బుర్ర్' అనమంది. చిన్నప్పుడు బస్సాట ఆడినప్పటి చప్పుడే. తేడా ఏమిటంటే ఇప్పుడు బస్సు ఘాట్ రోడ్డు ఎక్కాలి. తర్వాత గ్లాసు నీళ్ళలో స్ట్రా ముంచి, 'ఊ' అంటూ బుడగలు ఊదడం. నీళ్ళు ఎదురు తోస్తుంటే తంత్రులు ఒరుసుకోకుండా తేలిగ్గా కదులుతాయిట. నొప్పి పుడితే ఆపేయాలి, గుసగుసలు మానాలి, నీళ్ళు తాగాలి. మాట 200 దగ్గర ఉంటే చాలు కదా, సైరన్‌లో అంత పైకి ఎందుకని అడిగాను. "తల తగిలే అటక కింద ఎవరైనా నిటారుగా నిలబడగలరా?" అంది.

నాకు ఆత్రం ఎక్కువ. రెండో వారంలోనే అటక కాదు, కప్పే పగలగొట్టాను. తారస్థాయి షడ్జమం దొరికిందని మా అమ్మకి ఆ గొంతుతోనే ఫోన్ చేశాను. "ఎవరి పాపవమ్మా? ఫోన్ మీ అమ్మకివ్వు" అంది. సంగీతం వాళ్ళు దాన్ని దొంగగొంతు అంటారు. పాతికేళ్ళు నేను మోసిన గొంతుకి ఆ పేరు పెట్టాల్సింది, దీనికి కాదు.

అప్పుడు తెలిసింది, ఎత్తు ఒక్కటే చాలదని. గంగాళంలో మాట్లాడితే ఒకలా, చెంబులో మాట్లాడితే ఒకలా మోగుతుంది. మింగినప్పుడు గొంతుముడి పైకి లేస్తుంది చూడండి, అలా కాస్త పైన నిలిపితే గంగాళం చెంబవుతుంది. దానికి సాధన: ముందు పెద్ద కుక్కలా వగర్చాలి, తర్వాత బొచ్చుకుక్కపిల్లలా. నా పెద్ద కుక్కకి వీధిలోది జవాబిచ్చింది. కుక్కపిల్లకి ఇవ్వలేదు. ఇంకా కుదరలేదన్నమాట.

ఇదంతా పిన్నిగారికి చెప్పాను. గరిటె పట్టుకునే విన్నది. "మగవాడై ఉండీ స్థానం వారు ఏ గొట్టం ఊది నాటకంలో సత్యభామ వేశారే?" అంది. ఆయనకి తెర దిగితే సెలవండీ, నాకు రాత్రి రెండింటికి రాంగ్ నంబరొచ్చినా సత్యభామే కావాలి అన్నాను.

ఇంతలో ఆవిడ ఫోన్ మోగింది. గ్యాస్ వాళ్ళు. డెబ్భై ఏళ్ళ గొంతు, వయసుతో బొంగురుపోయింది. "హలో" అందో లేదో, అవతల్నుంచి "సార్, సిలిండర్ తెస్తున్నాం" అన్నారు. పెట్టేసి నా వంక చూసింది.

"పదేళ్ళుగా నన్నూ సారే అంటున్నారే. ఏదీ, ఆ గొట్టం ఇలా ఇవ్వు."

మజ్జిగలో అయితే బుడగలు బాగా వస్తాయంది. సరే అన్నాను. కళ్ళు మూసుకుని స్ట్రా నోట పెట్టుకుంది. బుడగ రాలేదు.

"ఊదాలి పిన్నిగారూ, పీల్చకూడదు."

కళ్ళు తెరిచేసరికి గ్లాసు ఖాళీ. "ఉప్పు తక్కువైంది" అంది.