నోళ్లు తక్కువే ఉండె, అన్నమే లేకుండె

మా రోజుల్లో పాలమూరు పల్లెల ఆకలికి ఒక్కటే కారణం చెప్పేటోళ్లు: పిల్లలెక్కువ. గోడ మీద కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం బొమ్మ ఉండేది. ఎవరి కడుపు కాలినా దాని దిక్కే చూపెట్టేటోళ్లు. ఇంట్ల మేం ఆరుగురం. నిజమే కావచ్చు అనుకునేటోణ్ణి.

1972 కరువుల నాకు పద్నాలుగేండ్లు. అవ్వ సోలెడు జొన్నరవ్వతోని గటక వండి మనిషికో గంటె పెట్టేది. ఆఖరుకు కుండల నీళ్లు పోసి, అంచులకు అంటింది చేత్తోని గీకి, ఆ నీళ్లు తాగి పండుకునేది. మా ఊరి ఆసామి పాతర మాత్రం నిండే ఉండె. మూత తీస్తే మాగిన జొన్నల వాసన మా వాడకట్టు దాక వచ్చేది. ఆయన దగ్గరే నాగుకు తెచ్చుకునేటోళ్లం. బస్తా తెస్తే పంటకు బస్తన్నర కొలవాలె. పండిన ఏడు పండింది ఆ నాగుకే పోయేది. నాయిన మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని కట్టల పనికి పోయిండు. ఎన్ని డ్యాములకు పాలమూరోళ్లు మట్టి మోసిన్రో! మోసినోళ్ల చెలకలకు మాత్రం నీళ్లు రాలే.

1951ల దేశ జనాభా 36 కోట్లు, 2011కు 121 కోట్లు. నోళ్లే కారణమైతే ఆకలి కూడ మూడింతలు కావాలె. పంట పెరిగింది, నిజమే. 1967ల సాగర్ కాల్వలకు నీళ్లొచ్చినయి, కొత్త వంగడాలొచ్చినయి. గని మా ఇంట్ల పొయ్యి రెండుపూటల ఎలిగింది 1983ల ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినంకనే. ఆ ఏడు మా వాడల పిల్లలు తగ్గలే, బియ్యం ధర తగ్గింది. 1943 బెంగాల్ కరువుల లక్షల మంది చచ్చింది గింజలు లేక కాదు, కొనే తాకతు లేక అని అమర్త్యసేన్ 1981ల పుస్తకం రాసిండు. అక్షరం రాని మా అవ్వ ఆ పాతర దిక్కు చూసుకుంట అంతకు ముందే ఆ ముచ్చట చెప్పింది.

ఇప్పుడు ఇంటికి ఒక్కరో ఇద్దరో పిల్లలు, వాళ్లు కూడ పట్నంల. నాట్లకు మనుషులు దొరకక బిహార్ నుంచి, బెంగాల్ నుంచి గుంపులు దిగుతున్నయి. చాయ్ హోటల్ కాడ మనోళ్లే వాళ్లను చూసి, "గంపెడు పిల్లల్ని కంటరు, గందుకే ఈడికొచ్చి పడ్డరు" అంటున్నరు. మా నాయినను చూసి అన్న మాట అదే. ఆ అనేటోళ్ల తాతలు కట్టల పనికి పోలేదా? ఇంత తొందరగ ఎట్ల మరిచిపోయిన్రో నాకు సమజైతలేదు.

మొన్న మిర్యాలగూడ దిక్కు బిడ్డ ఇంటికి పోయినప్పుడు, గట్టు మీద అన్నం తింటున్న ఒక బిహారు పిలగాణ్ణి ఉర్దూల అడిగిన, మీ ఊర్ల భూములు ఎవరియి అని. ఊరంతటికి ఒక్క పేరే చెప్పిండు. నీకెంత ఉందంటే తలకాయ అడ్డం ఊపి, పళ్లెం కాల్వల కడుక్కొచ్చి మళ్ల నారుకట్ట పట్టిండు.