తెల్లపొగ

స్మోకర్ మూత సందుల్లోంచి తెల్లటి పొగ దట్టంగా లేస్తుంటే లోపల కోడి రెక్కల వంట చక్కగా సాగుతోందని నమ్మాను. ఆ రోజు నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటికీ మూలం ఆ నమ్మకమే. స్మోకర్ కొన్నది పొగ కోసం, కాబట్టి పొగ ఎంత కనపడితే అంత రుచి అనుకున్నాను. డాలస్ శివార్లలో, మా ఇంటి పెరట్లో నిలబడి అంతకు మించి ఒక్క అడుగు కూడా ఆలోచించలేదు.

కట్టెపొయ్యి ఇంట్లో పెరిగినవాణ్ణి ఇలా అనుకోవడం మరీ తప్పు. మాది అప్పటి ప్రకాశం జిల్లా, కనిగిరి వైపు పల్లె. అమ్మ చాలాకాలం సర్కారు తుమ్మ కట్టెల మీదే వండింది. వానలకు ముందే కంప కొట్టించి, ఎండబెట్టి, తడవకుండా వసారాలో పేర్చించేది. పొయ్యి పొగలేస్తే ఆమె దృష్టిలో అది సరిచేయాల్సిన లోపం. గొట్టంతో ఊది మంట నిలిచేదాకా కూరగిన్నె పొయ్యెక్కేది కాదు. పొగచూరిన కూర మా ఇంట్లో ఎవరమూ ఇష్టంగా తినేవాళ్ళం కాదు.

టెక్సస్‌లో మెస్కీట్ అని సంచుల్లో అమ్మే కట్టె ఆ సర్కారు తుమ్మకు దగ్గర చుట్టం. అవే ముళ్ళు, అవే పొడుగాటి కాయలు. మన వైపు సర్కారు తుమ్మను బొగ్గుల బట్టీలకు వాడినట్టే ఇక్కడ మెస్కీట్‌నూ బొగ్గు చేస్తారు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. పరాయి దేశంలో మా ఊరి కట్టె దొరికిందని ఎంతో సంబరపడి సంచి తెచ్చుకున్నాను. తెచ్చి, ఆ ముక్కల్ని రాత్రంతా బకెట్లో నీళ్ళు పోసి నానబెట్టాను. నానితే నెమ్మదిగా కాలి, ఎక్కువసేపు పొగనిస్తాయని ఎక్కడో విన్నాను. నిజానికి కట్టెలో నీరు ఆవిరైపోయేదాకా కట్టె సరిగ్గా అంటుకోదు. ఆ కాసేపూ వచ్చేది ఆవిరి, సగం కాలిన కట్టె వదిలే ఘాటు. అది వెళ్ళి మాంసానికి చేదు పూతలా పడుతుంది. మంచి పొగ పలుచగా, నీలిరంగు ఛాయలో, కనపడీ కనపడనట్టు ఉంటుంది. ఎండిన కట్టె బాగా మండినప్పుడే అది పుడుతుంది. ఇది ఏ టెక్సస్ వంటవాడో నాకు కొత్తగా నేర్పాల్సిన విషయం కాదు. మా వసారాలో ఉన్నదే.

అమ్మ అప్పుడు మా ఇంట్లోనే ఉంది. పెరటి తలుపు తీసి ఒక్కసారి చూసింది. "ఏరా, కట్టెలు ఎండలేదా? అంత పొగేందిరా?" అంది. "ఇది పొగతోనే వండేదమ్మా, నీకు తెలీదులే" అన్నాను. ఆమె ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్ళింది. అప్పటిదాకా చేసిన తప్పులు వంటలో చేసినవి. ఇది మాత్రం అమ్మ విషయంలో చేసింది.

సెగ సంగతీ అంతే. ఆ వంటకు కొన్నాళ్ళ ముందు లాక్‌హార్ట్ వెళ్ళొచ్చాం. ఆస్టిన్‌కు దక్షిణాన ఉన్న చిన్న ఊరు. క్రైట్స్ మార్కెట్ 1900 నుంచీ, బ్లాక్స్ 1932 నుంచీ అక్కడ నడుస్తున్నాయి. 1999లో టెక్సస్ శాసనసభ ఆ ఊరిని రాష్ట్రానికి బార్బెక్యూ రాజధాని అంది. మాంసం కాల్చే ఆ ఇటుక గుంటలూ, నల్లబడిన గోడలూ చూసి వచ్చినవాడికి మనసు ఊరుకోదు. ఇంటికొచ్చి టెక్సస్ బార్బెక్యూ గురించి చదివిందంతా బ్రిస్కెట్ అనే ఆవు ఛాతీ మాంసం గురించే. మా ఇంట్లో మేం తినని మాంసం అది. ఫారన్‌హీట్ 225 డిగ్రీల దగ్గర, పన్నెండు గంటలో అంతకన్నా ఎక్కువో, ఓపికగా ఉంచాలంటారు. మందపాటి, గట్టి మాంసం కాబట్టి అందులోని పీచు కరిగి జిగురుగా మారడానికి అంత సమయం కావాలి. కోడి రెక్కలో ఏముంది? కాస్త మాంసం, సన్నటి ఎముకలు, వాటి చుట్టూ బోలెడు తోలు. ఆ తోలులో నీరు ఇంకిపోవాలి, కొవ్వు కరగాలి, కరిగిన కొవ్వులోనే తోలు వేగాలి. 225 డిగ్రీల సెగకు ఇవేవీ సరిగ్గా జరగవు. నేను తినని మాంసానికి పుట్టిన పద్ధతిని నేను తినే కోడికి పెట్టాను, ఎందుకని అడగకుండా.

దానికి తోడు, నాది నిలువు స్మోకర్. కింద బొగ్గులు, మధ్యలో నీళ్ళ గిన్నె, పైన జాలీ. గిన్నె ఉంది కదా అని నిండా నీళ్ళు పోశాను. నీరు 212 డిగ్రీలు దాటి వేడెక్కదు. ఆ గిన్నె ఉన్నంతసేపూ స్మోకర్‌ను చల్లబరుస్తూ, లోపలి గాలిని తేమగా ఉంచుతుంది. బ్రిస్కెట్‌కు అది మేలు. కరకరలాడాల్సిన తోలుకు అంతకన్నా శత్రువు లేదు.

ఇక మసాలా. తందూరీ కోడికి పట్టించినట్టు పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, గుంటూరు తేజ కారం కలిపి రెక్కలకు రాత్రే పట్టించాను. తందూరీ ముక్కకు తోలు ఉండదు. తందూరు సెగ 400 సెల్సియస్ డిగ్రీలు కూడా దాటగలదు. నా స్మోకర్‌లో ఉన్నది 107 సెల్సియస్. అంత తక్కువ సెగలో పెరుగు తడి ఆరదు, దాని పులుపు తోలును ఎర్రబడనివ్వదు. కారం తడిముద్దగా పొగ పీల్చుకుంటూ కూర్చుంది.

అమెరికన్ ఫుట్‌బాల్ తుది పోటీ, సూపర్ బౌల్ జరిగే ఆదివారం అది. అమెరికాలో ఆ రోజు చాలా ఇళ్ళలో కోడి రెక్కలు, ఇక్కడి మాటలో వింగ్స్, ఉంటాయి. మేమూ తెలిసిన తెలుగు కుటుంబాలను పిలిచాం. ఒక ముక్క విరిచి చూస్తే ఎముక దగ్గర గులాబీ రంగు. ఉడకలేదనుకుని మళ్ళీ లోపల పెట్టాను. పొగలోని వాయువులకూ లేత కోడి ఎముకలోని మజ్జకూ మాంసం అలా గులాబీగా ఉండిపోవడం మామూలే. ఉడికిందో లేదో చెప్పాల్సింది థర్మామీటరు. ఫారన్‌హీట్ 165 డిగ్రీలు చేరితే కోడి తినడానికి భద్రం. రెక్కలైతే 185 దాకా పోనిస్తే ఎముక నుంచి సులువుగా ఊడివస్తాయి. నా దగ్గర థర్మామీటరు లేదు. ఇంకో గంట పొగ పట్టించాను.

వచ్చినవాళ్ళకు బఫెలో వింగ్స్ కథ చెబుతూ కూర్చున్నాను. 1964లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో ఊళ్ళో, ఆంకర్ బార్‌లో టెరెసా బెలిసిమో రెక్కల్ని నూనెలో వేయించి, వెన్న కలిపిన కారపు సాస్‌లో దొర్లించి పెట్టిందని. ఆ కథలోనే సమాధానం ఉంది. ముందు మరిగే నూనెలో తోలు వేగింది, కారం తరువాత వచ్చింది. నా నోటితో నేనే చెప్పాను గానీ, నా చెవికెక్కలేదు.

ముక్కలు నల్లగా, జిగటగా వచ్చాయి. తోలు సైకిలు ట్యూబులా సాగింది. నాలుక మొద్దుబారే చేదు. పిల్లలు తోలు ఒలిచి పళ్ళెం అంచున పెట్టారు. పెద్దలు మర్యాదకు తిన్నారు. అప్పుడైనా ఊరుకోవాల్సింది. "పొగ రుచి అంటే ఇంతే అండీ, కొంచెం అలవాటు కావాలి" అన్నాను. పాడైందని నా నాలుకకు తెలుసు. తెలిసీ అన్నాను.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ అమ్మ తనంతట తనే అంది, "మనం కోణ్ణి కాల్చేటప్పుడు తోలు తడిగా ఉంచుతామా నాన్నా?" నాటుకోడి ఈకలు పీకి, పసుపు రాసి, ఎండు తాటాకు మంట మీద తిప్పేది ఆమె. తోలు బిగుసుకుని, బంగారు రంగుకొచ్చి, చిటపటలాడేది. ఎండు మంట, పొడి తోలు, గట్టి సెగ. నేను అమెరికా వంట అనుకున్నదానికి కావాల్సినవి ఆ మూడే.

ఆ తరువాత కూడా తప్పులు చేయకపోలేదు. తోలుకు బేకింగ్ పౌడర్ పట్టించాలని తెలిసి, రెండూ ఒకటే అనుకుని వంటసోడా రాశాను. సబ్బు నోట్లో పెట్టుకున్నట్టయింది. బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు దానికి తగిన ఆమ్లమూ ఉంటుంది కాబట్టి రుచి చెడదు. తోలు మీద క్షారగుణం కొంచెం పెంచి త్వరగా ఎర్రబడేట్టు చేస్తుంది. అల్యూమినియం లేనిదే కొనాలి.

ఇప్పుడు చేసేది ఇదీ. రెక్కల్ని కణుపుల దగ్గర కోసి, గుడ్డతో తడి పూర్తిగా అద్దుతాను. కిలోకు రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, ఉప్పు, మిరియాల పొడి పట్టించి, జాలీ మీద పరిచి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో రాత్రంతా వదిలేస్తాను. పెరుగు లేదు. నీళ్ళ గిన్నె తీసేస్తాను. గాలి రంధ్రాలన్నీ తెరిచి 375 నుంచి 400 డిగ్రీల దాకా సెగ లేవనిచ్చి, ఎండిన పికాన్ కట్టె ఒక్క ముక్క వేస్తాను. టెక్సస్‌కు 1919 నుంచీ రాష్ట్ర వృక్షం పికాన్. మెస్కీట్ కన్నా దాని పొగ చాలా మెత్తన. తెల్లపొగ పలచబడేదాకా ముక్కలు పెట్టను. ముక్కాలు గంట, ఒక్కోసారి ఇంకొంచెం. తేజ కారం చివర్లో వస్తుంది. సన్నటి సెగ మీద వెన్న కరిగించి, చితక్కొట్టిన వెల్లుల్లి, కారం వేసి, దించి నిమ్మరసం పిండుతాను. కారంలోని మంట కొవ్వులోనే బాగా కరుగుతుంది. పెద్ద మంట తగిలితే ఆ కారమే మాడి చేదెక్కుతుంది. అందరూ కూర్చున్నాకే ముక్కల్ని అందులో దొర్లిస్తాను. ఆలస్యమైతే తోలు మెత్తబడిపోతుంది.

ఇలా కుదిరాక ఆ ఆదివారం వచ్చినవాళ్ళను మళ్ళీ పిలిచాను. వాళ్ళలో ఒకాయన తిని, చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పాడు. నా మాట మీద ఆయనా స్మోకర్ కొన్నాడట. కట్టె నానబెట్టి, గిన్నె నిండా నీళ్ళు పోసి, అదే చేదు మళ్ళీ మళ్ళీ వండి, పొగ రుచి ఇంతేనని, తమకింకా అలవాటు కాలేదని ఇంటిల్లిపాదీ అనుకుంటున్నారట. ఆ చేదు నా తప్పు వల్ల వచ్చిందనీ, అది ఆ రోజే నాకు తెలుసనీ ఆయన భార్య ముందే చెప్పాను. ఆ తరువాతి శనివారం వాళ్ళింటికి వెళ్ళి స్మోకర్‌లోంచి నీళ్ళ గిన్నె తీసేశాను. బకెట్లో నానుతున్న ముక్కల్ని ఇద్దరం ఎండలో పరిచాం.