నీ కళ్లు కాకులు పొడవ!

అమెరికా వచ్చి ఇరవై రెండేళ్లయింది. కల్తీలేని తెలుగు నోరారా మాట్లాడుకోవడానికి నాకిక్కడ ఒక్క చోటే మిగిలింది. తెలుగు సంఘం వేదిక అనుకునేరు. అక్కడ మైకు పట్టుకున్నవాడికి ‘సో’, ‘యాక్చువల్లీ’ లేకుండా వాక్యం లేవదు. నేను చెప్పేది క్వీన్స్‌లో ఉన్న సిటీ ఫీల్డు, న్యూయార్క్ మెట్స్ వారి బేస్‌బాల్ మైదానం. లాగ్వార్డియాలో లేచిన విమానాలు నెత్తి మీంచి పోతుంటే, పై అంతస్తులో చలికి ముడుచుకుని కూర్చుని, ప్లేట్ వెనక వంగి నిలబడ్డ అంపైర్ మీద మా అమ్మమ్మ సొత్తంతా ప్రయోగిస్తుంటాను. ‘నీ కళ్లు కాకులు పొడవ’ అన్నది అందులో కాస్త మర్యాదైన మాట.

అంపైర్‌కి అంత దూరం వినబడదు. వినబడినా అర్థం కాదు. అర్థమయ్యేది మా పన్నెండేళ్లవాడికి సగం, మా పక్క సీటు పెద్దాయనకి మొత్తం. ఆయన ఐరిష్ మనిషి, మెట్స్ చివరిసారి కప్పు గెలిచిన 1986లో కుర్రాడు. కాకుల సంగతి అర్థం చెప్పించుకుని, రెండుసార్లు తల పంకించి, తమ భాషలో ఇంత నిండైన మాట లేదని ఒప్పుకున్నాడు.

అలాంటి నా నోటికి ఈ 2026 సీజన్‌తో తాళం పడింది.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. పిచర్ విసిరిన బంతిని బ్యాటర్ కొట్టకుండా వదిలేస్తే, అది 17 అంగుళాల వెడల్పున్న ప్లేట్ మీదుగా సరైన ఎత్తులో పోయిందా లేదా అని అంపైర్ తేల్చాలి. పోతే స్ట్రైక్, లేకపోతే బాల్. మూడు స్ట్రైకులకి బ్యాటర్ ఇంటికి, నాలుగు బాల్‌లకి నడుచుకుంటూ మొదటి బేస్‌కి. గంటకి 95 మైళ్ల వేగంతో వచ్చే బంతి ప్లేట్ చేరడానికి పట్టేది సెకనులో నాలుగు పదోవంతులు. అంటే ఒక మనిషి కన్ను ఆర్పే లోపల తేల్చాల్సిన వ్యాజ్యం ఇది. ఇంట్లో సోఫా మీద మనకి మాత్రం టీవీవాళ్లు 2001 నుంచి తెర మీద డబ్బా గీసి చూపిస్తున్నారు. పాతికేళ్లుగా ఈ దేశంలో ఆ గీత కనబడని మనిషి ఒక్కడే, తీర్పు చెప్పేవాడు.

ఇప్పుడు మైదానం చుట్టూ పన్నెండు కెమెరాలు పెట్టారు. ఏబీఎస్ అంటారు. కారు బ్రేకుల సంగతి కాదు, బాలూ స్ట్రైకూ తేల్చే యంత్రం. అంపైర్ మాట నచ్చకపోతే బ్యాటర్ గానీ పిచర్ గానీ క్యాచర్ గానీ తన తల మీద తట్టుకోవాలి. అదే అప్పీలు. వెంటనే తట్టాలి. పక్కవాణ్ణి అడగకూడదు, డగౌట్ వైపు చూడకూడదు, మేనేజర్ సైగలు పనికిరావు, పై అంతస్తులో తెలుగువాడి కేకలు అసలే పనికిరావు. అంపైర్ మైకులో ‘ఫలానావాడు చాలెంజ్ చేశాడు’ అని తనమీద తనే ఫిర్యాదు చదువుతాడు. పెద్ద తెర మీద బొమ్మ బంతి బొమ్మ డబ్బాలోకి దూసుకొస్తుంది. పావు నిమిషంలో కథ ముగుస్తుంది. జట్టుకి రెండు చాలెంజ్‌లు. గెలిస్తే చేతిలోనే ఉంటుంది, ఓడితే పోయినట్టే. తల కొట్టుకోవడం మనకి అనాదిగా ఉన్నదే. దాన్ని రాజ్యాంగబద్ధం చేసిన ఘనత అమెరికావారిది.

నేను మొదట ఎగిరి గంతేశాను. ఇన్నాళ్లకి న్యాయం జరగబోతోంది, ఇరవై రెండేళ్ల నా ఆక్రోశానికి రుజువులు దొరకబోతున్నాయని ఫ్లషింగ్ గణపతి గుడికి వెళ్లి కొబ్బరికాయ కొట్టాను. కింద క్యాంటీన్‌లో దోసె కూడా తిన్నాను. ఆట రోజున ఆ దోసె తినకపోతే మావాళ్లు ఓడిపోతారు. తిన్నా ఓడిపోతారు గానీ, అప్పుడు తప్పు నాది కాదు.

నిజానికి సీజన్ మొదట్లో అభిమాని బుర్రకి పెట్టాల్సింది పన్నెండు కెమెరాలు. మార్చి ఆఖర్లో ఆటలు మొదలవుతాయి. మూడు ఆటల్లో మూడు హోమ్ రన్‌లు కొట్టినవాడు, ఇదే లెక్కన, మొత్తం 162 ఆటల్లో 162 కొడతాడని మావాడు కాగితం మీద వేసి చూపిస్తాడు. నేనూ ఔనంటాను. నాలుగు ఆటలు వరుసగా ఓడితే ఇదే లెక్కన 162 ఓడతారని నేను వేసి చూపిస్తాను. వాడు ఏడుస్తాడు. 1988లో బాల్టిమోర్ ఓరియోల్స్ మొదటి 21 ఆటలూ ఓడిపోయిన చరిత్ర ఉంది కనుక భయానికి ఆధారం లేకపోలేదు. నిరుడు మెట్స్ జూన్ మధ్యకి 45 గెలిచి 24 ఓడి, లీగంతటికీ పైన కూర్చున్నారు. మా బావమరిది, అంటే ప్రత్యర్థి జట్టు యాంకీస్ మనిషి, తెల్లజెండా పట్టుకొచ్చి మా ఇంట్లో భోజనం చేసి వెళ్లాడు. సెప్టెంబరు ఆఖరికి 83-79. ప్లేఆఫ్ గడప దగ్గర, ఆఖరి రోజున, బొక్కబోర్లా పడ్డారు. జువాన్ సోటో అనే బ్యాటర్‌కి పదిహేనేళ్లకి 76 కోట్ల 50 లక్షల డాలర్లు రాసిచ్చిన మొదటి ఏడాదే అది. ఆ రోజు బావమరిది ఫోన్ చేసి, ‘‘బావా, ఆ భోజనం అరిగిపోయింది. మళ్లీ ఎప్పుడు రమ్మంటావు?’’ అన్నాడు.

అప్పుడు కూడా నాకు ఊరట ఏమిటంటే అంపైర్ ఉన్నాడు. జట్టు ఓడితే సగం పాపం అతని ఖాతాలో జమ చేసి పడుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ బ్యాంకు మూసేశారు.

ఈ ఏప్రిల్‌లో చలి గాలికి ముక్కు ఊడిపోతున్న ఒక రాత్రి జరిగింది చెబుతాను. బంతి బయట ఎక్కడో పోయింది. ఎక్కడో అంటే నాకు కనబడినంతలో న్యూజెర్సీలో. అంపైర్ స్ట్రైక్ అన్నాడు. నేను లేచి కాకుల దాకా వచ్చాను. అంతలో మా బ్యాటర్ హెల్మెట్ తట్టుకున్నాడు. మైదానమంతా ఈలలు. తెర మీద బంతి తాపీగా తిరుగుతూ వచ్చి, డబ్బా అంచుని వెంట్రుకవాసి తాకింది. స్ట్రైకే. మొదటి ఇన్నింగ్స్‌లోనే ఒక చాలెంజ్ బూడిదలో పోసిన పన్నీరు. నలభై వేల కుర్చీల మైదానంలో నిలబడి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ‘‘నాన్నా, కూర్చో’’ అన్నాడు మావాడు. ఆ గొంతు నాకు బాగా తెలుసు. వాడి ప్రోగ్రెస్ రిపోర్టు చూసినప్పుడు అది నా గొంతు.

అప్పుడు కోపం ఎవరిమీదికి పోవాలి? అంపైర్ మీద పెట్టడానికి లేదు, పాపం యంత్రమే అతనికి సర్టిఫికెట్ ఇచ్చింది. యంత్రాన్ని తిడదామంటే కళ్లు పన్నెండు, ఎన్ని కాకుల్ని పంపగలం? చివరికి మా బ్యాటర్‌నే తిట్టాను. డబ్బిచ్చి టికెట్ కొనుక్కుని మనవాణ్ణి మనమే తిట్టుకోవాల్సిన రోజు వస్తుందనుకోలేదు.

ఇంటికొచ్చి లెక్కలు తీశాను. 2025 వసంతకాలం శిక్షణ ఆటల్లో ఈ పద్ధతి ప్రయత్నించి చూసినప్పుడు చాలెంజ్‌లలో నెగ్గినవి నూటికి 52. అంటే బంతిని అయిదడుగుల దూరం నుంచి చూసి, తప్పనిసరిగా అంపైర్‌దే పొరపాటని ఒట్టేసి తల తట్టుకున్న నిపుణులు సగం మంది అబద్ధమన్నమాట. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. మరి అయిదు వందల అడుగుల అవతల, చేతిలో వేరుశనక్కాయల పొట్లంతో, విమానం కింద కూర్చుని నేనిచ్చిన తీర్పుల గతి ఏమిటి? ఇరవై రెండేళ్లలో అవతలి కళ్లు పొడవమని పంపిన కాకుల్లో ఎన్ని దారిలోనే వెనక్కి తిరిగి మా ఇంటి చిరునామా అడిగి ఉంటాయో!

అదే లెక్కల్లో ఇంకో తమాషా ఉంది. క్యాచర్లు నూటికి 56 నెగ్గారు, బ్యాటర్లు సగానికి సగం, పిచర్లు 41. క్రికెట్ చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బౌలర్‌కి తను వేసిన ప్రతి బంతీ వికెట్టే. ‘రివ్యూ తీసుకో, తీసుకో’ అని కాళ్లా వేళ్లా పడతాడు. వెనకున్న ధోనీ తల అడ్డంగా ఊపితే తీసుకునేవారు కాదు, అంతే. తన బిడ్డ తెలివితేటల గురించి తల్లిదండ్రుల్ని కాదు, పక్కింటివాణ్ణి అడగాలన్నది ఆట మారినా మారని సూత్రం.

క్రికెట్ ఎత్తాను కనుక ఇంకో మాట. రెండు చోట్లా కంటికి పని చెప్పేది ఆ హాక్‌ఐ కెమెరాలే. కానీ క్రికెట్‌లో ‘అంపైర్స్ కాల్’ అని ఒక పెద్దమనిషి ఒప్పందం ఉంది. బంతి వికెట్‌ని ఏదో కాస్త రాసుకుందని యంత్రం చెబితే, అంపైర్ ముందు ఏమన్నాడో అదే చెల్లుతుంది. యంత్రం కూడా పెద్దవాళ్ల ముందు గొంతు తగ్గించి మాట్లాడే సంప్రదాయం. బేస్‌బాల్‌లో ఆ మొహమాటం లేదు. దారప్పోగంత తాకినా తాకినట్టే. మన క్రికెట్ బోర్డువారు ఏళ్ల తరబడి ఆ కెమెరాని నమ్మం పొమ్మని 2016 దాకా భీష్మించుక్కూర్చుంటే నేను నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఇంత న్యాయం తెచ్చినవాళ్లు దొంగతనం మాత్రం రద్దు చేయలేదు, గమనించారా? క్యాచర్లకి ‘ఫ్రేమింగ్’ అని ఒక కళ ఉంది. డబ్బా బయట పడ్డ బంతిని పట్టుకుంటూనే, పెళ్లిలో కొబ్బరిబొండాం లాగేసినంత సుతారంగా, గ్లవ్‌ని లోపలికి జరుపుతారు. అంపైర్ మోసపోతే స్ట్రైక్. దీనికి శిక్షకులున్నారు, కొలతలున్నాయి, దీన్ని చూసే జీతాలిస్తారు. ప్రతి బంతికీ యంత్రమే తీర్పు చెప్పే పద్ధతిని చిన్న లీగుల్లో నిజంగానే నడిపి చూశారు. 2024లో దాన్ని పక్కనపెట్టి ఈ చాలెంజ్ పద్ధతే ఉంచుకున్నారు. అంటే దొంగతనం చేయొచ్చు, సొమ్ముగలవాడు ఫిర్యాదు ఇవ్వకపోతే. ఇస్తే, రోజుకి రెండు ఫిర్యాదులు తప్పయ్యేదాకా వింటారు. ఆ తర్వాత స్టేషన్ మూసేస్తారు. దొరికితే దొంగ, లేకపోతే దొర అన్న మన సామెతకి పన్నెండు కెమెరాలు బిగించారన్నమాట.

అన్నిటికన్నా నన్ను కలిచివేసింది కొలతల వ్యవహారం. రూల్ పుస్తకంలో స్ట్రైక్ జోన్‌ని భుజాలూ, ప్యాంటు నడుమూ, మోకాలి చిప్పా పెట్టి వర్ణించారు. దర్జీ చెప్పినట్టుంటుంది. యంత్రానికి దర్జీ భాష రాదు. అందుకని ఆటగాడి చెప్పులు విప్పించి గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచారు. ఆ ఎత్తులో 27 శాతం దగ్గర కింది గీత, 53.5 శాతం దగ్గర పై గీత. ఆరడుగుల ఏడంగుళాల ఆరన్ జడ్జ్‌కి డబ్బా ఎత్తు సుమారు 21 అంగుళాలు, అయిదడుగుల ఆరంగుళాల హోసే అల్టూవేకి పదిహేడున్నర. పెళ్లిచూపుల కోసం రెండంగుళాలు కలిపి రాసుకోవడం ఒక్క మన అలవాటే అనుకుంటాం గానీ, ఇక్కడి ఆటగాళ్లదీ అదే రివాజు. ఇప్పుడు పొట్టిగా తేలితేనే లాభం. కట్నం లెక్క తిరగబడింది.

వంగి నిలబడినా ఫలితం లేదు, లెక్కించేది నిటారుగా ఉన్న ఎత్తే. రికీ హెండర్సన్ మహానుభావుడు ప్లేట్ దగ్గర తాబేలులా ముడుచుకుని, పిచర్లకి జానెడు కూడా చోటివ్వకుండా 2,190 సార్లు ఉచితంగా బేస్‌కి నడిచాడు. ఆ ముడుచుకోవడం ఇప్పుడు నడుం నొప్పికి తప్ప దేనికీ పనికిరాదు. 1951లో సెయింట్ లూయిస్ బ్రౌన్స్ యజమాని బిల్ వీక్ మూడడుగుల ఏడంగుళాల ఎడ్డీ గేడెల్‌ని, వీపు మీద ఎనిమిదోవంతు అని అంకె వేసి మరీ ఆడించాడు. పిచర్ నాలుగు బంతులు వేస్తే నాలుగూ పైనుంచే పోయాయి. మర్నాడు లీగ్ పెద్దలు ఇలాంటి వేళాకోళాలు కుదరవని ఆయన్ని ఇంటికి పంపేశారు. ఈనాటి లెక్కన గేడెల్‌కి 11.4 అంగుళాల డబ్బా వచ్చేది. శాస్త్రోక్తంగా, వేళాకోళం ఏమీ లేకుండా.

నిరుడు మైదానంలోంచి గెంటివేయించుకున్న ఆటగాళ్లూ మేనేజర్లలో నూటికి అరవైకి పైగా ఈ బాలూ స్ట్రైకుల గొడవ మీదే వెళ్లారు. బాబీ కాక్స్ లాంటి మేనేజర్ జీవితంలో నూట యాభైకి పైగా సార్లు అలా వెళ్లాడు. టోపీ నేలకేసి కొట్టి, గడ్డం గడ్డానికి ఆనించి, ఉమ్ము తుంపరల మధ్య జరిగే ఆ సంభాషణ మా నాటకాల్లో పద్యం లాంటిది. దానికి వన్స్‌మోర్‌లు ఉండేవి. ఇప్పుడు పద్యం ఎత్తుకునే లోపలే తెర దించేస్తున్నారు. మేనేజర్లు చేతులు కట్టుకుని, బ్యాంకు లైనులో నిలబడ్డవాళ్లలా ఉన్నారు.

ఇలా నోరు కట్టుకుని మూడు ఆటలు చూశాను. మూడో ఆట ఎనిమిదో ఇన్నింగ్స్‌లో భగవంతుడు కరుణించాడు. మా బ్యాటర్ బ్యాటు ఊపబోయి, సగంలో మనసు మార్చుకుని ఆపేశాడు. ఊపినట్టా, ఊపనట్టా? ప్లేట్ దగ్గర అంపైర్ మొదటి బేస్ దగ్గరున్న అంపైర్ వైపు వేలు చూపించాడు. ఆయన పిడికిలి బిగించి పైకెత్తాడు. ఊపినట్టే, స్ట్రైక్ మూడు, అవుట్.

నేను వెంటనే పెద్ద తెర వైపు చూశాను. తెర మీద సాసేజ్ ప్రకటన.

‘‘ఏరా, తల తట్టుకోడేం వీడు?’’

‘‘దీనికి చాలెంజ్ లేదు నాన్నా. డబ్బాకే లెక్క. ఊపుడికి లేదు.’’

‘‘లేదా?’’

‘‘లేదు. ఎంత ఊపితే ఊపినట్టో రూల్ పుస్తకంలో కూడా సరిగ్గా లేదు.’’

నేను నెమ్మదిగా లేచాను. శాలువా తీసి మావాడి ఒళ్లో పెట్టాను. గొంతు సవరించుకున్నాను. కానీ నాకన్నా ముందే పక్క సీటు పెద్దాయన కుర్చీ ఎక్కి నిలబడి, రెండు చేతులూ నోటికి దొన్నెలా పెట్టుకుని, మొదటి బేస్ వైపు తిరిగి, ‘‘నీ కల్లూ కాకుల్ పొడవా!’’ అని అరిచాడు.

‘ళ’ పలకలేదు. మావాడికీ పలకదు.