ఉత్తర సముద్రయాన ప్రయత్నము

కువైట్ దేశమున సులైబియా అను ప్రాంతము మూడింటికి పేరుగన్నది. ఒకటి, దేశపు వంటయిండ్లకు కూరగాయలు చేరవేయు టోకు విపణి. రెండు, నగరపు మురుగునీటిని సన్నని పొరలగుండ వడగట్టి సేద్యమునకు పనికివచ్చునట్లు చేయు మహా యంత్రశాల. మూడు, కేంద్ర కారాగారము. మొదటిదాని పుణ్యమున అన్నము తినుచు, రెండవదాని మీదుగా వచ్చు గాలి పీల్చుచు, మూడవదాని దరిదాపులకు పోకుండ మసలుకొనుచు కాలక్షేపము చేయుచున్న రాజంపేటవాడను నేను. కూరగాయలు నిలువచేయు ఒక శీతల గిడ్డంగిలో పద్దులు వ్రాయుట నా వృత్తి. సొంత ఊరిలో భార్య, ఇచట నేను, నడుమ అరేబియా సముద్రము; ఇది మా కాపురపు భౌగోళిక స్వరూపము.

ఈ దేశమునకు వేసవి వచ్చుటలో ఆలస్యమెన్నడును లేదు, వెళ్లుటలోనే దానికి బద్ధకము. 2016వ సంవత్సరము జూలై 21వ తేదీన ఇచటి మిత్రిబా అనుచోట 53.9 డిగ్రీల ఉష్ణము నమోదుకాగా, ప్రపంచ వాతావరణ సంస్థవారు దానిని నమ్మలేక పరికరములను పరీక్షించి, లెక్కలను శోధించి, 2019లో గాని అది నిజమేయని తీర్పు చెప్పలేదు. ఆనాడు ఇచట బస్సు కొరకు నిలుచున్న వానిని ఒక్కనిని అడిగియుండిన ఆ మూడేండ్ల శ్రమయు మిగిలియుండెడిది. జూన్ మొదలు ఆగస్టు చివరివరకు పగలు 11 గంటలనుండి 4 గంటలవరకు ఆరుబయట ఎవరిచేతను పని చేయింపరాదని ప్రభుత్వ శాసనము గలదు. ఆ శాసనము సూర్యునకు వర్తింపదు.

ఇట్టి చోట నివసించువాడు చల్లని సముద్రమును గూర్చి కలగనుట పాపము కాదని నిశ్చయించుకొని, నార్వే దేశపు పడమటి తీరము వెంబడి ఓడలో ఉత్తరముగా ప్రయాణము చేయవలెనని, రాజంపేటనుండి నా భార్యయు సులైబియానుండి నేనును బయలుదేరి బెర్గెన్ అను రేవుపట్టణమున కలిసికొనవలెనని నేను సంకల్పించితిని. సంకల్పమును మొట్టమొదట నా గదిలో నివసించు అమలాపురపు మిత్రునకు విన్నవింపగా, అతడు తినుచున్న ఖుబ్బూసు రొట్టెముక్కను చేతనే పట్టుకొని, "చలే కావాలంటే చెప్పండి గురువుగారూ, గిడ్డంగిలో బంగాళాదుంపల పక్కన మంచం వేయిస్తాను. నాలుగు డిగ్రీలు, కరెంటు బిల్లు కంపెనీది. ఆ టిక్కెట్టు డబ్బులేవో నాకిచ్చేయండి," అనెను. మనుష్యుని ఊహాశక్తికి గోడలు కట్టువారు కారాగారములో మాత్రమే లేరని నాకు ఆనాడు బోధపడెను.

రెండవ విఘ్నము దైవసంబంధమైనది. మా మామగారు ఫోనులో సమస్తమును ఓపికగా విని, "బాగుండాది నాయనా, ఆడ ఏ సామి ఉండాడు?" అని ప్రశ్నించిరి. ప్రశ్న సహేతుకమైనదే. తెలుగువాడు దారి చివర ఒక దేవుడు లేక ఇల్లు కదలి ఎరుగడు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి, సుమారు నూరుమంది పరివారముతో, పదునైదు మాసములకు పైగా దేశమెల్ల చూచి, కన్నదెల్ల వ్రాసి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన మాట నిజమే గాని, అంతటి విద్వాంసుడును కాశి పేరు చెప్పియే గడప దాటెను. కేవలము మంచుకొండలు చూచుటకై పోవుచున్నానని మామగారితో అనుటకు నాకు నోరు రాలేదు. అందుచే భూగోళము తిరుగవేసి, ఆ ఓడ మార్గమధ్యమున ట్రోండ్‌హైమ్ అనుచోట ఆగుననియు, అచట ఓలాఫ్ అను రాజర్షి సమాధిపై నిదరోస్ అను మహాదేవాలయము వెలసియున్నదనియు, శతాబ్దములుగా భక్తులు కాలినడకన ఆ క్షేత్రమును సేవించుచున్నారనియు మనవి చేసికొంటిని. మామగారు ఊరట చెంది, కొంతసేపు ఆలోచించి, "ఆడ తలనీలాలు తీసుకుంటారా?" అని అడిగిరి.

అసలు మన జాతికిని ఓడకును గల సంబంధము వినోదముతో కూడినది కాదు. 1860లో ట్రూరో అను ఓడ చెన్నపట్టణమున కూలివారిని ఎక్కించుకొని నెటాలు దేశపు చెరకుతోటలకు పోయినప్పుడు అందు తెలుగువారుండిరి. కాకినాడ, విశాఖపట్టణముల నుండి రంగూను పోవు పొగయోడల పైతట్టున మూటలవలె ఒదిగి కూర్చున్నవారును మనవారే. మొక్కపాటివారి నవలలోని పార్వతీశము సైతము బారిస్టరు పరీక్షకై ఓడ నెక్కెను గాని, ఊరక సముద్రము చూచుటకై ఎక్కలేదు. కువైట్ వారి పూర్వులదియు ఇదే కథ. వారు తెరచాప ఓడలపై ఖర్జూరములు నింపుకొని మలబారు తీరమునకు వచ్చి కలప కొనిపోయెడివారు; త్రాగునీటికై షత్-అల్-అరబ్ నదికి ఓడలు నడపెడివారు; 1953లో ఉప్పునీటిని మంచినీరుగా మార్చు యంత్రశాల వచ్చిన పిదప గాని ఆ బాధ తీరలేదు. 1961 వరకు ఇచటి అంగళ్లలో మన రూపాయియే చెల్లుచుండెడిది. అనగా ఈ సముద్రముపై అటునుండి ఇటును, ఇటునుండి అటును పోయినవారందరును పొట్ట చేతబట్టుకొని పోయినవారే. తిన్నది అరుగుటకై ఓడ నెక్కు మొట్టమొదటి తరము మాది.

ఇక నార్వే తీరయానమును గూర్చి నేను సంపాదించిన విజ్ఞానము అల్పము కాదు. 1893లో రిచర్డ్ విత్ అను నావికుడు వెస్టరోలెన్ అను ఓడతో ఆరంభించిన ఆ తీరమార్గము నేటికిని సాగుచున్నది; బెర్గెన్ నుండి రష్యా సరిహద్దు చేరువనున్న కిర్కెనెస్ వరకు 34 రేవులు; పోయి వచ్చుటకు పండ్రెండు దినములు. బెర్గెన్‌లో ఏటికి ఇన్నూరు దినములకు మించి వాన కురియునట. ఇది హెచ్చరికగా వ్రాసినారు; చదువుచు నేను లొట్టలు వేసితిని. లొఫోటెన్ దీవులలో కర్రల పందిళ్లపై చేపలను వ్రేలాడగట్టి చలిగాలికి ఎండబెట్టుదురట. ఎండుచేప వాసన కొరకు అంతదూరము పోవలెనా యని అమలాపురపు మిత్రుడు మరల అడ్డు తగిలెను. ఓడ ఉత్తర ధ్రువవృత్తమును దాటునప్పుడు సిబ్బంది సముద్రదేవుని వేషముతో వచ్చి ప్రయాణికుల మెడపట్టీలలో మంచుముక్కలు జారవిడుతురట. అందుకు జనులు కేకలు పెట్టుదురట. మా సులైబియా బస్సు నిలుపుదల చోటునకు ఆ దేవుడు ఒక్క మధ్యాహ్నము వేంచేసినచో జనులు వరుస కట్టి మెడలు వంతురు.

ఆ తీరము అంత ఉత్తరమున నున్నను శీతకాలమున సయితము రేవులు గడ్డకట్టకుండుటకు కారణము మెక్సికో సింధుశాఖ నుండి వచ్చు ఉష్ణప్రవాహమని చదివినపుడు మాత్రము నా మనస్సు కలుక్కుమన్నది. ఉష్ణము నన్ను అచటికి కూడ వెంబడింపదలచినది. మరియు ఆ దేశమును చమురుతోనే బాగుపడినది. బుర్గాన్‌లో 1938లో చమురు పడుటచే కువైట్ వారు కలవారైరి; ఎకోఫిస్క్‌లో 1969లో పడుటచే నార్వేవారు కలవారైరి. ఒక చమురుదేశమున దీనారములు గడించి మరియొక చమురుదేశమున క్రోనులుగా వెదజల్లుటలో నా పాత్ర గొట్టమువంటిది. లోపల ఏదియు నిలువదు.

గదుల బేరము మరియొక అధ్యాయము. కిటికీగల గది ఖరీదు, లేనిది చవక. సముద్రము చూడబోయి గోడ చూచువాడెవడని మిత్రులు ఎగతాళి చేసిరి గాని, మే నడుమనుండి జూలై చివరివరకు ఆ ఉత్తరపుటంచున సూర్యుడు అస్తమింపడనియు, కిటికీకి డబ్బు చెల్లించినవారు అర్ధరాత్రి తెరలు బిగించుకొని, ముఖముపై దుప్పటి కప్పుకొని పడుకొందురనియు తెలిసిన పిమ్మట, తక్కువ వెలకు రాత్రి దొరకు స్థలము కిటికీలేని గదియేయని నేను తీర్మానించితిని.

ఈ అస్తమింపని సూర్యుడే ఇంట్లో ఉత్పాతము తెచ్చెను. నా భార్య నెలనెల సంకటహర చవితి పాటించును. పగలెల్ల ఉపవసించి, చంద్రుని చూచి పూజించి, అటుపిమ్మట భుజించును. "ఏమండీ, ఆడ సూర్యుడే మునగడంట గదా, చంద్రుణ్ణి యాడ చూసేది? నన్ను పన్నెండు దినాలూ పస్తు పెడతారా?" అని ఆమె నిలదీసెను. పంచాంగమును, ఖగోళమును ఏకము చేసి చూడగా, అచట నడివేసవిలో పున్నమిచంద్రుడు దిగంతము పైకే రాడనియు, చవితిచంద్రుడు పొడసూపినను ఆ వెలుగులో ఆనుట దుర్లభమనియు తేలెను. తుదకు మా అత్తగారు ఒక మధ్యేమార్గము సూచించిరి. రాజంపేటలో చంద్రుడు ఉదయింపగానే ఆమె ఫోను చేయును. ఓడలో మా ఆవిడ భోజనమునకు కూర్చుండును. ఈ విధముగా అత్తగారు టిక్కెట్టు లేకయే ఓడలో ప్రవేశించిరి.

భోజనమన్నచో ఆవకాయ రాకతప్పదు. శాస్త్రోక్తముగా విచారించితిని. బయటి దేశములనుండి మాంసమును, పాలతో చేసిన పదార్థములను నార్వేలోనికి తేరాదు. ఆవకాయ ఏ పాపము ఎరుగదు; నెయ్యి మాత్రము నిషిద్ధము. ఆవకాయకు ప్రవేశము కల్పించి నెయ్యిని సరిహద్దున నిలిపివేసిన ధర్మశాస్త్రకర్తలకు వేడియన్నము రుచి తెలియదని స్పష్టము.

వీసా సంగతి క్లుప్తముగా చెప్పెదను. షెంగెన్ వీసాకు 90 యూరోలు. 30,000 యూరోలకు తక్కువకాని ఆరోగ్యబీమా. స్వాల్బార్డ్ దీవులకు పోవు ఓడ నెక్కినచో, అవి నార్వేవే యైనను షెంగెన్‌లో చేరనివి గనుక, తిరిగివచ్చుటకు రెండవ ప్రవేశమునకు కూడ అనుమతి కావలెను. సౌతాంప్టన్‌లో బయలుదేరు ఓడలకు బ్రిటను వీసా వేరు. వీటన్నిటికంటె ముందు, 2025 జూలై 1వ తేదీ నుండి, ప్రైవేటు సంస్థలలో పదునెనిమిదవ ఆర్టికల్ ఇకామా అను నివాసానుమతిపై పనిచేయువారు దేశము దాటవలెనన్న యజమాని నిష్క్రమణానుమతి ఉండవలెను. మా ముదీరు, అనగా మేనేజరు, నా అర్జీని రెండుమార్లు చదివి, "భార్య హిందూస్థానంలో, సెలవు నార్వేకా?" అని నన్ను ఎగాదిగా చూచెను. ఆయన చూపులో అనుమానముకంటె జాలియే అధికము.

పిదప ఉన్నికోటు. అల్-రాయ్‌లోని శుక్రవారపు సంతలో పాతబట్టల వరుసలో ఒక ముదురునీలి కోటు కనబడెను. మోచేతికడ నూలు పలుచబడినది, ఒక బొత్తాము దారముపై వ్రేలాడుచున్నది, లోపలి జేబులో ఎవరో మరచిన చాకలిచీటి, దానిపై అంకెలు తప్ప పేరు చెరిగిపోయినది. నడివేసవిలో దానిని తొడిగి మెడవరకు బొత్తాములు పెట్టుకొని అద్దమెదుట నిలువగా చెమట కనుబొమలు దాటి గడ్డమునకు దిగెను. చుట్టునున్నవారు నన్ను ఏదో మ్రొక్కు చెల్లించుకొనువానిగా భావించి దారి యిచ్చిరి. దుకాణదారుడు మాత్రము విజయగర్వముతో, "ఇక్కడే ఇంత చెమట పట్టించిందంటే కోటు అసలైనదే గదా భాయీ!" అనెను. ఈ తర్కమును ఖండించు శక్తి నాకు లేక, అడిగినదిచ్చి కొంటిని.

ఇంత వ్యయప్రయాసలు చలిగాలి కొరకేనా యని పాఠకులు అడుగవచ్చును. గల్ఫులో పనిచేయువాని సెలవు ఎట్టిదో తెలిసినవారు అడుగరు. మేము ఊరు చేరిన మరునాటినుండి టైగరు బాముసీసాలు, అత్తరులు, దుప్పట్లు పంచుకొనుటకు వచ్చువారును, రానివారికి ఏల పంపలేదని కినియువారును బయలుదేరుదురు. ఒక పెండ్లి, రెండు గృహప్రవేశములు, ఎవరి బిడ్డకో పుట్టువెండ్రుకలు, తిరుమల ప్రయాణము, అప్పడుగవచ్చిన చిన్ననాటి మిత్రుడు, కట్టిన యింటికి కారు పైకప్పు: ఇవి మా సెలవులు. వచ్చిన బంధువులందరకు వండివార్చి రాత్రి పదకొండు గంటలకు నా భార్య గదిలోనికి వచ్చునప్పటికి నేను గుర్రుపెట్టుచుందును; తెల్లవారి నేను లేచునప్పటికి ఆమె పాలు కాచుచుండును. సెలవు ముగిసి విమానమెక్కిన తరువాత ఫోనులోనే మేమిద్దరము నాలుగు మాటలు సావకాశముగా మాటలాడుకొందుము. తలుపుతట్టు చుట్టము లేని, శుభలేఖ చేరలేని, ఇద్దరకు రెండు కుర్చీలున్న స్థలము భూమిపై దొరకక నీటిపై వెదకికొంటిని. మంచుకొండలు కేవలము సాకు.

మొన్న మామగారు ఫోనుచేసి, "మన పక్కవీధి రెడ్డిగారి మనుమడు ఓస్లోలో సాఫ్ట్‌వేరంట, బెర్గెన్‌కు వచ్చి మిమ్మల్ని ఓడ ఎక్కిస్తాడులే, కుదిరితే వాళ్లూ మీతో వస్తారు," అని శుభవార్త చెప్పిరి. వినినది మొదలు ఓలాఫ్ స్వామికి నిజముగనే మ్రొక్కుకొనుచున్నాను.

గల్ఫులోని తెలుగు సోదరులకు నా మనవి ఒక్కటే. ఊరికి పోవలసినదే, తల్లిదండ్రులను చూడవలసినదే, పెండ్లికి పోయి అక్షతలు వేయవలసినదే. కాని మీ సెలవులో ఒక్కవారమైనను మీ భార్యకై మిగుల్చుడు. నార్వే అక్కరలేదు, పాపికొండల లాంచియైనను చాలును. పోవుచున్న సంగతి మాత్రము తిరిగివచ్చిన తరువాతనే బంధువులకు తెలియజేయుడు.